ఆ గాజు వాన ఎక్కడ పడుతుంది?

పోయిన నెలలో ఓ ఆదివారం పొద్దున్నే మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. ఎనిమిదో తరగతి చదువుతోంది. ముందురోజు రాత్రి ఏదో వీడియో చూసిందట. "పెద్దమ్మా, ఒక గ్రహం మీద గాజు వాన కురుస్తుందంట. కిందికి కాదు, అడ్డంగా. గాలి గంటకి 7,000 కిలోమీటర్లంట. నిజమేనా?" అని అడిగింది. అవునమ్మా, అలా అనుకుంటున్నారు, అది మన బృహస్పతి లాంటి వాయుగోళం అన్నాను. కాసేపు ఊరుకుని, "వాయుగోళమైతే నేల ఉండదుగా. మరి ఆ గాజు ఎక్కడ పడుతుంది?" అంది.

22 ఏళ్ళు డిగ్రీ పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. ఈ గ్రహం గురించి క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను, గాజు వాన మాటతో సహా. ఆ ప్రశ్న ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. సాయంత్రం చెప్తానని ఫోన్ పెట్టేసి, దాచుకున్న పరిశోధన పత్రాలన్నీ మళ్ళీ తీశాను. సాయంత్రానికి జవాబు దొరికింది. దాంతోపాటు ఇన్నేళ్ళూ నేను చెప్పిన పద్ధతే సరిగ్గా లేదన్న బాధ కూడా పట్టుకుంది. ఈ పోస్టు ఆ బాధలోంచి వచ్చిందే.

నా మాట ముందే చెప్పేస్తాను. దూరపు గ్రహాల గురించి తెలుగులో మనం రాసేది, చెప్పేది అంతా 'అక్కడ ఏముంది' అనే వింతల వరసగా తయారైంది. అది ఎలా తెలిసిందో చెప్పకుండా వింత ఒక్కటే చెప్తే, కొలిచి తేల్చిన సంగతీ ఎవరో ఊహించిన సంగతీ ఒకే గొంతుతో వినిపిస్తాయి. వినేవాళ్ళకి రెంటికీ తేడా తెలిసే దారి లేకుండా చేస్తున్నాం. ఈ ఒక్క గ్రహాన్నే తీసుకుని ఎందుకలా అంటున్నానో చెప్తాను.

చందమామ మీద కొబ్బరికాయ

ఈ గ్రహానికి పేరు లేదు, నంబరే ఉంది: హెచ్‌డీ 189733బి. భాద్రపదం, ఆశ్వయుజం రోజుల్లో రాత్రి ఎనిమిదింటికి మబ్బు లేకపోతే దాని నక్షత్రం మనకి దాదాపు నడినెత్తిన ఉంటుంది. అభిజిత్తు, శ్రవణం, డెనెబ్ కలిపితే వచ్చే పెద్ద త్రిభుజం లోపల వెతకాలి. ఉత్త కంటికి ఆనదు, బైనాక్యులర్‌లో ఆనుతుంది. పక్కనే డంబెల్ నెబ్యులా అనే మసక మచ్చ ఉంటుంది కాబట్టి పోల్చుకోవడం తేలిక. మా మేడ మీంచి నేను చూశాను. చిన్న చుక్క, అంతే. సుమారు 65 ఏళ్ళ కిందట బయల్దేరిన వెలుగు.

గ్రహం మాత్రం విడిగా ఎవరికీ కనిపించలేదు, ఏ టెలిస్కోపుకీ కనిపించలేదు. చందమామ మీద ఎవరైనా ఒక కొబ్బరికాయ పెడితే ఇక్కణ్ణించి మనకి ఎంత ఉంటుందో, అంత దూరాన ఆ గ్రహం కూడా అంతే ఉంటుంది. పైగా ఆ కొబ్బరికాయ పక్కనే కళ్ళు మిరుమిట్లు గొలిపే దీపం ఒకటి. మనం వీడియోల్లో చూసే నీలి గోళం, దాని మీద తెల్లటి మేఘాల చారలు అన్నీ చిత్రకారుల చేతివే. వాళ్ళది తప్పని నేననడం లేదు. ఆ బొమ్మ కింద 'ఊహాచిత్రం' అన్న మాట తెలుగులోకి వచ్చేసరికి రాలిపోతోంది. నా బాధ దాని గురించే.

మరి తెలిసిందంతా ఎలా తెలిసింది? 2012 జూన్ 6 పొద్దున చాలామందికి గుర్తుండే ఉంటుంది. సూర్యుడి మీదుగా శుక్రుడు నల్లచుక్కలా నడిచివెళ్ళాడు. పద్నాలుగో నంబరు వెల్డింగ్ గాజు పట్టుకుని మా వీధి పిల్లల్ని మేడ మీద వరసగా నిలబెట్టి చూపించాను. ఆ చుక్క సూర్యబింబంలో వెయ్యో వంతు కప్పి ఉంటుంది. ఎండలో తేడా ఎవరికీ తెలియలేదు. హెచ్‌డీ 189733బి చేసేదీ అదే పని. కాకపోతే తన నక్షత్రానికి ఆనుకుని తిరుగుతుంది. దూరం 47 లక్షల కిలోమీటర్ల లోపే. మన సూర్యుడికీ బుధుడికీ మధ్య దూరంలో పదో వంతు కూడా లేదు. 2.2 రోజులకి ఒక చుట్టు. చుట్టుకొకసారి మనకీ నక్షత్రానికీ మధ్య అడ్డొస్తుంది. అడ్డొచ్చినప్పుడు నక్షత్రం వెలుగు 2.4 శాతం తగ్గుతుంది. రెండు గంటల లోపే మళ్ళీ మామూలవుతుంది.

2005లో ఫ్రాన్సువా బుషీ బృందం ఫ్రాన్సులోని ఓత్ ప్రోవాన్స్ వేధశాలలో దీన్ని పట్టుకుంది. పదేళ్ళ ముందు మేయర్, కెలోజ్ మొదటి హాట్ జూపిటర్‌ని కనిపెట్టిందీ అక్కడే, అదే వర్ణపటమాపకంతో, అంటే వెలుగుని రంగులుగా విడదీసి కొలిచే పరికరంతో. నక్షత్రానికి ఆనుకుని తిరిగే బృహస్పతి లాంటి వేడి గ్రహాన్ని హాట్ జూపిటర్ అంటారు. గ్రహం ఇటు తిరిగితే నక్షత్రం అటు ఒరుగుతుంది. ఆ ఒరుగుడు వేగం సెకనుకి సుమారు 205 మీటర్లు. వెలుగు ఎంత తగ్గిందన్నది గ్రహం ఎంత పెద్దదో చెప్తుంది. నక్షత్రం ఎంత ఊగిందన్నది గ్రహం ఎంత బరువో చెప్తుంది. రెండూ బృహస్పతి కంటే పదమూడు, పద్నాలుగు శాతం ఎక్కువ. అంటే సాంద్రత నీటికి దగ్గర, పైపొరలో గురుత్వం మన భూమికి రెట్టింపు పైచిలుకు.

ఇవి గట్టి మాటలు. ఎవరు ఎక్కణ్ణించి కొలిచినా వచ్చేవి. నా పాత విద్యార్థి ఒకతను ఇప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తూ, ఎనిమిదంగుళాల టెలిస్కోపు, ఒక కెమెరా పెట్టుకుని రాత్రులు ఆకాశం చూస్తుంటాడు. మూడేళ్ళ కిందట ఒక అక్టోబరు రాత్రి ఈ నక్షత్రాన్ని అయిదు గంటలపాటు, రెండేసి నిమిషాలకి ఒక కొలత చొప్పున 150 కొలతలు తీశాడు. పక్క నక్షత్రాలతో పోల్చి గ్రాఫు గీసి నాకు వాట్సాప్‌లో పంపాడు. చుక్కలు అటూ ఇటూ చెదిరి ఉన్నాయి. అయినా మధ్యలో వరసంతా ఒక్కసారిగా కుంగి, కాసేపు కిందనే నడిచి, మళ్ళీ పైకి లేచింది. నేను ఆ గ్రాఫుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఏ నీలి గోళం బొమ్మా నాకు అలాంటి అనుభవం ఇవ్వలేదు. మన ఊరి మేడ మీంచి, మరో సూర్యుడి గ్రహం నీడ.

పొద్దు తిరగని చోట ఎండ

ఈ గ్రహం చందమామలాగే ఎప్పుడూ ఒకే ముఖం తన నక్షత్రానికి చూపిస్తుందని లెక్క. అంత దగ్గరున్నప్పుడు ఆటుపోటు బలాలు దాని తిరుగుడుని కొద్దికాలంలోనే అలా బిగించేస్తాయి. కాబట్టి ఒకవైపు ఎప్పుడూ పగలు, రెండోవైపు ఎప్పుడూ రాత్రి. అలాంటప్పుడు రాత్రివైపు చలికి గడ్డకట్టుకుపోవాలి కదా?

2007లో ప్రచురించిన పత్రం కోసం హెదర్ నట్సన్, ఆమె సహచరులు నాసా స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపుతో 33 గంటలు ఆపకుండా దీన్ని చూశారు. గ్రహం తిరిగేకొద్దీ దాని పగటిముఖం మెల్లగా మనవైపు వస్తుంది. ఆ మేరకు పరారుణ వెలుగు, అంటే కంటికి కనబడని వేడి వెలుగు, ఎంతెంత పెరుగుతోందో కొలిచారు. దాన్నుంచి గ్రహం మీద ఏ వైపు ఎంత వేడిగా ఉందో ఒక పటం తయారుచేశారు. మరో సూర్యుడి గ్రహానికి మనిషి గీసిన మొదటి పటం అది. అతి చల్లని చోట 700 డిగ్రీలు, అతి వేడి చోట 940 డిగ్రీల సెల్సియస్ లెక్కకొచ్చింది. అంటే ఎన్నడూ పొద్దుపొడవని వైపు కూడా అల్యూమినియం గిన్నె కరిగిపోతుంది. ఎండవైపు ఇటుకబట్టీ.

ఆ పటంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి వేరే ఉంది. అతి వేడి చోటు నక్షత్రం నడినెత్తిన ఉండేచోట లేదు. తూర్పుకి జరిగి ఉంది. మనకి కూడా ఎండ మండేది పన్నెండింటికి కాదు, రెండు మూడు గంటలకి. అక్కడ పొద్దు కదలదు కాబట్టి గాలే కదలాలి. నడినెత్తిన కాగిన వాయువు ఆ వేడి వదిలేలోపే తూర్పుకి కొట్టుకుపోతోందన్నమాట. రాత్రివైపు అంత వేడిగా ఉండటానికీ అదే కారణం. 2015లో ఇంగ్లండులోని వారిక్ విశ్వవిద్యాలయం పరిశోధకులిద్దరు గ్రహం అంచుల్లోంచి వచ్చిన వెలుగుని రంగులుగా విడదీస్తే కనబడే సోడియం గీతలు ఎటు ఎంత జరిగాయో కొలిచి, గాలి తూర్పుకి సెకనుకి దాదాపు 2 కిలోమీటర్ల వేగంతో వీస్తోందని తేల్చారు. ఒకరు వేడి కొలిచారు, ఒకరు రంగు గీతలు కొలిచారు. ఇద్దరూ చెప్పింది ఒకే దిక్కు గాలి.

సెకనుకి 2 కిలోమీటర్లంటే గంటకి 7,000 దాకా. కాబట్టి మా పిల్ల చూసిన వీడియోలో గాలి సంగతి నిలబడుతుంది. ఆ గాలిని చెప్పేటప్పుడు ఈ కథంతా చెప్పకుండా '7,000 కిలోమీటర్లు' అని ఒక అంకె విసిరి వదిలేస్తే దానికి వేళ్ళుండవు. తుఫాను గాలి గంటకి 200 కిలోమీటర్లంటే మనకి కళ్ళముందు కొబ్బరిచెట్లు విరిగిపడతాయి. 7,000 అంటే ఏమీ మెదలదు. 'రెండు మూడు గంటల ఎండ' అంటే మెదులుతుంది.

నీలం

2013లో హబుల్ టెలిస్కోపుతో తీసిన కొలతల ఆధారంగా ఈ గ్రహం ముదురు నీలమని ప్రకటించారు. మరో సూర్యుడి గ్రహానికి నిజమైన రంగు తెలియడం అదే మొదలని వార్తలొచ్చాయి. నేనూ ఆ రోజు క్లాసుకి పరిగెత్తి చెప్పాను.

ఎలా తెలిసిందో చూడండి. గ్రహం నక్షత్రం వెనక్కి వెళ్ళబోయే ముందు మొత్తం వెలుగు కొలిచారు. అది వెనక్కి వెళ్ళాక మళ్ళీ కొలిచారు. తేడా ఎంతో అదే గ్రహం తిప్పికొట్టిన వెలుగు. నీలం వైపు ఆ తేడా మొత్తం వెలుగులో పదివేలో వంతుకి కాస్త పైన వచ్చింది. ఆకుపచ్చ వైపు ఏమీ రాలేదు. టామ్ ఎవాన్స్ బృందం లెక్కలో నీలం వైపు గ్రహం ప్రతిఫలన శక్తి (పడ్డ వెలుగులో తిప్పికొట్టే పాలు) 0.40, అటూ ఇటూ 0.12. ఈ 'అటూ ఇటూ' ఏ తెలుగు వార్తలోనూ నాకు కనబడలేదు. నా క్లాసు నోట్సులోనూ లేదు. దశమ భిన్నాలు రాయించే టీచర్నే నేను, కొలత ఎంత అటూ ఇటూ కావచ్చో చూపే ఎర్రర్ బార్ వేయనిదే ప్రాక్టికల్ రికార్డు మీద సంతకం పెట్టని దాన్ని, ఇక్కడ మాత్రం వదిలేశాను.

2023లో వచ్చిన పత్రంలో, ఐరోపావారి కియోప్స్ ఉపగ్రహం దృశ్యకాంతి మొత్తంలో ఎంత తిప్పికొడుతోందో కొలిస్తే 0.08 కూడా రాలేదు. చందమామ 0.12. మన చందమామ నేల ఎంత నల్లటిదో తెలిసినవాళ్ళకి ఈ పోలిక అర్థమవుతుంది. అంటే ఆ 'నీలి గ్రహం' మొత్తమ్మీద చందమామ కంటే నల్లనిది. రెండు కొలతలకీ పేచీ లేదు. కియోప్స్ పసుపు, ఎరుపు కూడా కలిపి చూస్తుంది, ఆ రంగుల్ని సోడియం లాంటివి మింగేస్తాయి. నీలంలో కొంత తిరిగొస్తుంది. నల్లటి గుడ్డకి పలచగా నీలిమందు పెట్టినట్టు ఊహించుకోవాలి. సముద్రంలా మెరిసే బొమ్మ మాత్రం కాదు.

వానా, పొగా?

ఇక గాజు. ఈ మాట ఎక్కణ్ణించి వచ్చిందో వెనక్కి వెళ్ళి చూశాను. 2008లో గ్రహం అంచుల్లోంచి వడగట్టుకొచ్చిన నక్షత్రపు వెలుగుని హబుల్‌తో చూసినవాళ్ళకి ఒక సంగతి తెలిసింది. ఎరుపులో చూస్తే గ్రహం కాస్త చిన్నగా, నీలంలో చూస్తే కాస్త పెద్దగా ఉంది. పైపొరల్లో అతి సన్నని రేణువులుంటే నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి కాబట్టి అలా అవుతుంది. అంత వేడిలో ఏ రేణువు నిలుస్తుంది? నీటి మంచు నిలవదు. మెగ్నీషియం సిలికేట్ నిలుస్తుంది. పారిస్ పరిశోధకులు అదే సూచించారు. రేణువు పరిమాణం మైక్రాన్‌లో పదో వంతు నుంచి వందో వంతు మధ్య ఉంటుందన్నారు. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

సిలికేట్ అంటే గాజు తయారయ్యే సరుకు. 2013 నీలం రంగు ప్రకటనలో ఇది గాజై, గాలి తోడై, అడ్డంగా కొట్టే గాజు వాన అయింది. నాసా హాలోవీన్‌కి పోస్టరు కూడా వేసింది. అక్కణ్ణించి ప్రపంచంలోని భాషలన్నిటిలోకీ కురిసింది. తెలుగులో 'గాజు ముక్కలు ఒళ్ళు చీల్చేస్తాయి', 'కుంభీపాకం లాంటి గ్రహం' అని కూడా చదివాను.

మైక్రాన్‌లో పదో వంతు రేణువు వానచుక్క కాదు. అగరుబత్తి పొగలో రేణువులు ఆ లెక్కలో ఉంటాయి. నల్లటి గోడ ముందు అగరుబత్తి వెలిగిస్తే కొస నుంచి లేచే పొగ నీలంగా కనబడటం ఎప్పుడైనా గమనించారా? ఆ నీలమూ ఈ నీలమూ దగ్గరి చుట్టాలు. పొగ కురవదు, తేలుతుంది. అది ఒళ్ళు చీల్చదు.

ఆ సిలికేట్ పొగ అయినా ఖాయమా అంటే, 2014లో మరో బృందం ఇంకో మాట చెప్పింది. ఈ నక్షత్రానికి మచ్చలు ఎక్కువ. మచ్చ చల్లగా, ఎర్రగా ఉంటుంది. గ్రహం మచ్చలు లేని చోటు మీదుగా వెళ్తే నీలం వెలుగు ఎక్కువ తగ్గినట్టు కనబడి, నీలంలో గ్రహం పెద్దగా ఉన్నట్టు భ్రమ కలగొచ్చు. అంటే గ్రహం మీద పొగ అనుకున్నదాంట్లో కొంతో మొత్తమో నక్షత్రం మీది మచ్చల పుణ్యం కావచ్చు.

ఇక్కడితో ఆపేస్తే నా వాదనకి అనుకూలంగా ఉండేది. 'చూశారా, గాజు లేదు గీజు లేదు' అనేసి లేచిపోవచ్చు. ఆ ఆదివారం మధ్యాహ్నం నేను అలాగే రాసుకోవడం మొదలుపెట్టాను కూడా. ఆ తర్వాత 2024 పత్రం ఒకటి కళ్ళబడింది. జూలీ ఇంగ్లిస్, సహచరులు జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో గ్రహం పగటివైపు నుంచి వచ్చే పరారుణ వెలుగు చూస్తే, 8.7 మైక్రాన్ల దగ్గర ఒక గుంట కనబడింది. సన్నని క్వార్ట్జ్ రేణువుల మేఘం ఉంటే ఆ గుంటకి అన్నిటికంటే బాగా సరిపోతోందట. క్వార్ట్జ్ అంటే మనకి చిన్నప్పుడు చేలగట్ల మీద, రైలుకట్ట పక్కన దొరికే తెల్లటి పలుగురాయి. రెండు ముక్కలు కొట్టుకుంటే చీకట్లో మిణుక్కుమనేది.

కాబట్టి గాజు అన్నవాళ్ళు మరీ దారి తప్పలేదు. 2008లో అనుకున్న మెగ్నీషియం సిలికేట్ కాదు కానీ సిలికాయే, గాజుకి మూలసరుకు. నేను వెక్కిరించబోయిన మాటలో నిజం కొంత మిగిలింది. 'వాన'లో మాత్రం నాకు ఇప్పటికీ నిజం కనబడదు. మా పిల్ల అడిగింది సరిగ్గా ఆ సగాన్నే.

మీథేన్ నాకు నేర్పింది

ఎవరినో అంటున్నాను కాబట్టి నా తప్పు కూడా చెప్పాలి. 2008 మార్చిలో ఈ గ్రహం వాతావరణంలో మీథేన్ దొరికిందని నేచర్ పత్రికలో వచ్చింది. సౌరకుటుంబం బయట ఒక గ్రహం మీద కర్బన అణువు కనబడటం అదే మొదలన్నారు. ఆ ఏడాది నుంచి వరసగా ప్రతి బ్యాచికీ చెప్పాను: అక్కడ నీరుంది, మీథేన్ ఉంది. 2011లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు అవే కొలతల్ని మళ్ళీ లెక్కకట్టి, పరికరం పోకడల్ని తీసివేసే పద్ధతి కొంచెం మారిస్తే మీథేన్ గుర్తే మారిపోతోందని రాశారు. అది చదివాను. 'పరిశోధకుల మధ్య మామూలుగా ఉండే గొడవ' అనుకుని నోట్సు మార్చలేదు.

2024లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం గ్వాంగ్‌వే ఫూ బృందం జేమ్స్ వెబ్‌తో చూసిన కొలతలు ప్రచురించింది. నీరుంది, కార్బన్ డయాక్సైడ్ ఉంది, కార్బన్ మోనాక్సైడ్ ఉంది, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంది. మీథేన్ లేదు. ఉన్నా ఏదో లెక్కకి రానంత. ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. నా దగ్గర చదువుకున్న పిల్లలు కొందరు ఇప్పుడు టీచర్లు. వాళ్ళ క్లాసుల్లో నా మీథేన్ ఇంకా ఉండి ఉంటుంది. అందుకే కొందరికి ఫోన్లు చేసి చెప్పాను. ఒకతను "అయితే వాళ్ళు అప్పుడు అబద్ధం రాశారా మేడం?" అన్నాడు. అబద్ధం కాదు, కొలత అంచున నిలబడి చెప్పిన మాట. ఆ అంచు ఎక్కడుందో నేను చూపించి ఉంటే అతనికి ఆ అనుమానమే వచ్చేది కాదు.

అదే వార్త మన దగ్గరకి ఎలా వచ్చిందంటే 'కుళ్ళిన గుడ్ల కంపు కొట్టే గ్రహం'. హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన అది. మా తరం వాళ్ళకి పరిచయమే. ప్రాక్టికల్స్‌లో ఆ వాయువు తయారుచేసే కిప్ ఉపకరణం తెరిస్తే వరండా చివరిదాకా వచ్చేది. పరీక్షనాళికలో నల్లటి అవక్షేపం దిగితే రాగి, పసుపు దిగితే కాడ్మియం. కాబట్టి ఆ శీర్షిక చూసి నాకూ చనువుగానే అనిపించింది. అయితే అసలు సంగతి కంపులో లేదు. అక్కడ ఉన్న నీరు, కర్బన వాయువులు, గంధకం అన్నీ కలిపి చూస్తే హైడ్రోజన్, హీలియంల కంటే బరువైన మూలకాలు సూర్యుడిలో ఉన్న పాలు కంటే మూడు నుంచి అయిదు రెట్లు ఎక్కువ ఉన్నాయని తేలింది. మన బృహస్పతిలోనూ దాదాపు ఆ పాలే. అంత దూరాన, అంత వేడిగా, రెండు రోజుల ఏడాదితో ఉన్న ఆ గ్రహమూ మన ఇంటి బృహస్పతీ ఒకే రకం వంటింట్లో తయారై ఉండొచ్చన్న మాట. నాకు ఒళ్ళు జలదరించింది దానికి. ఏ శీర్షికలోనూ అది రాలేదు.

ఇలాంటిదే ఇంకోటి. నక్షత్రం నుంచి వచ్చే ఎక్స్ కిరణాల తాకిడికి ఈ గ్రహం వాతావరణం సెకనుకి కనీసం 1,000 టన్నులు ఎగిరిపోతోందని 2012లో చెప్పారు. '2010లో చూస్తే అలా లేదు, 2011 సెప్టెంబరులో నక్షత్రం మీద ఒక పేలుడు జరిగిన కొన్ని గంటలకి చూస్తే ఉంది' అన్నది అందులో అసలు అందం. మన దగ్గర మాత్రం 'ఆవిరైపోతున్న గ్రహం'. కాగితం మీద భాగహారం చేస్తే, ఇదే తీరున వంద కోట్ల ఏళ్ళు ఎగిరినా తగ్గేది దాని బరువులో సుమారు డెబ్బై వేలో వంతు. పిల్లల చేత చేయించదగ్గ లెక్క ఇది.

ఎదుటి మాట

ఈ సంగతులు మా పాత సహోద్యోగి ఒకావిడతో అంటే ఆవిడ ఒప్పుకోలేదు. "నువ్వు చెప్పే అటూ ఇటూలతో మొదలుపెడితే రెండో వాక్యానికి పిల్లలు లేచిపోతారు. గాజు వాన వల్లే కదా మీ పిల్ల నీకు ఫోన్ చేసింది?" అన్నారు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నిజమే, ఆ వీడియో లేకపోతే ఆ ఫోనే లేదు. నన్ను ఈ దారిలోకి తెచ్చిందీ వింతే. ఏడో తరగతిలో శనిగ్రహం వలయాల బొమ్మ చూసి భోజనం మానేసి కూర్చున్నాను.

కానీ మా పిల్ల ఫోన్ చేసింది వింత విని ఆనందించి కాదు. వింతలో ఒక చోట అతుకు సరిగా లేదని పట్టుకుని చేసింది. ఆ అతుకు పట్టుకునే గుణం పిల్లల్లో ఉంది. మనం ఎలా తెలిసిందో చెప్పకపోతే ఆ గుణానికి పని ఉండదు, వాళ్ళు మెల్లగా అడగడం మానేస్తారు. 22 ఏళ్ళలో నన్ను ఎవరూ అడగలేదంటే, ఆ తప్పు పిల్లలదని నేననుకోలేను.

ఆవిడ ఇంకో మాట కూడా అన్నారు. మరీ సందేహాలు చెప్తే జనానికి సైన్సు మీద నమ్మకం పోతుందని. కరోనా రోజులు చూశాక ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయినా నా అనుభవం వేరు. మీథేన్ ఉందని గట్టిగా విన్నవాడే 'అబద్ధమా' అని అడిగాడు. నా పాత విద్యార్థి, తన చేత్తో చెదిరిన చుక్కలు కొలిచినవాడు, మీథేన్ వార్తకి "అంత చిన్న తేడా కదా మేడం, మళ్ళీ చూడాల్సిందే" అన్నాడు. వాడి నమ్మకం ఇసుమంత కదల్లేదు.

పేర్ల విషయంలోనూ ఇదే అనిపిస్తుంది. 2019లో మన దేశానికి ఒక గ్రహానికి పేరు పెట్టే అవకాశం వచ్చింది. హెచ్‌డీ 86081 అనే నక్షత్రానికి భౌతికశాస్త్రవేత్త బిభా చౌధురి పేరున 'బిభా' అనీ, దాని గ్రహానికి 'సంతమస' అనీ పెట్టారు. అదీ ఇలాంటి హాట్ జూపిటరే, రెండు రోజుల పైచిలుకు ఏడాది. సంతమసం అంటే కమ్ముకున్న చీకటి. మేఘాలు కమ్మిన వాతావరణానికి గుర్తుగా పెట్టారట. ఎవరూ చూడని చోటుకి అంతకంటే నిజాయితీ గల పేరు నాకు తెలియదు. పిల్లలకి ఆ పేరు చెప్పి, ఎందుకు పెట్టారో ఊహించమంటే ఒక పీరియడ్ గడిచిపోతుంది.

సాయంత్రం

ఆ సాయంత్రం మా పిల్లకి ఫోన్ చేసి చెప్పాను. ఎక్కడా పడదమ్మా. అది చుక్క కాదు, పొగలో నలుసంత. తేలుతూ ఉంటుంది. ఒకవేళ నలుసులు కలిసి బరువెక్కి కిందికి దిగినా, లోపలికి వెళ్ళేకొద్దీ వేడి పెరుగుతుంది కాబట్టి మళ్ళీ ఆవిరైపోతుంది. ఆ ఆవిరి పైకొస్తే మళ్ళీ నలుసు కడుతుంది. ఇది లెక్కల్లో చెప్పే మాట, ఎవరూ చూసింది కాదు. పలుగురాయి నలుసు ఉన్నట్టు మాత్రం వెలుగులో గుర్తు దొరికింది.

"అయితే గాజు మబ్బు అనొచ్చా?" అంది. పలుగు మబ్బు అను, ఇంకా దగ్గరగా ఉంటుందన్నాను. స్కూల్లో సైన్సు ప్రదర్శన ఉందట, చార్టు వేస్తానంది. గ్రహానికి ఏ రంగు వేయాలని అడిగింది. హబుల్ ఏమంది, కియోప్స్ ఏమంది రెండూ చెప్పాను. చాలాసేపు ఆలోచించి, ప్రస్తుతానికి వృత్తం గీసి వదిలేస్తానంది. దానికి బదులు మా పాత విద్యార్థి తీసిన కొలతలు కావాలంది. గ్రాఫు వద్దట, అంకెలే కావాలట.

150 అంకెలూ పంపాను. రోజూ హోంవర్కు అయ్యాక గ్రాఫు కాగితం మీద ఒక్కో చుక్కా పెడుతోంది. నిన్న రాత్రికి 41 చుక్కలయ్యాయి. గీత ఇంకా పైనే నడుస్తోందని, ఎక్కడ దిగుతుందో మాత్రం నన్ను ముందే చెప్పొద్దనీ మెసేజ్ పెట్టింది.